అరువు గొంతులో అసలు పేరు

1979లో వచ్చిన ‘ర్యాపర్స్ డిలైట్’ వల్లే హిప్ హాప్ అనే మాట న్యూయార్క్ దాటి అమెరికా అంతటా వినిపించింది. దాదాపు పద్నాలుగున్నర నిమిషాల ఆ పాటలో, దాన్ని పాడిన ముగ్గురిలో ఒకడైన బిగ్ బ్యాంక్ హ్యాంక్ వంతు వచ్చినప్పుడు ఒక వింత జరుగుతుంది. తనను తాను పరిచయం చేసుకుంటూ అతను ఒక పేరును అక్షరం అక్షరం విడదీసి పలుకుతాడు. ఆ పేరు కాసనోవా ఫ్లై. హ్యాంక్‌ని ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో కోల్డ్ క్రష్ బ్రదర్స్ బృందంతో పేరు మోసిన ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్ అంతకుముందు పెట్టుకున్న పేరు అది.

హ్యాంక్ న్యూజెర్సీలో ఒక పిజ్జా దుకాణంలో పనిచేసేవాడు. కాజ్ బృందానికి మేనేజరుగానూ తిరిగేవాడు. దుకాణంలో బృందం టేపులు పెట్టుకుని, వాటితో గొంతు కలుపుతూ షుగర్ హిల్ రికార్డ్స్ నడిపిన సిల్వియా రాబిన్సన్ కంట పడ్డాడు. రికార్డు చేసే అవకాశం రాగానే కాజ్ దగ్గరికి పరుగెత్తాడు. కాజ్ చెప్పినదాన్ని బట్టి, తన ప్రాసలు రాసుకున్న నోటుపుస్తకం అతని ముందు పడేసి, కావలసింది తీసుకోమన్నాడు. హ్యాంక్ తీసుకున్నాడు, పేరుతో సహా. ఆ పాట వెనక వాయించింది ‘గుడ్ టైమ్స్’ అనే డిస్కో పాట బాణీ. దాన్ని కట్టిన నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ లాయర్ల దాకా వెళ్లి రచయితలుగా తమ పేర్లు వేయించుకున్నారు. కాజ్‌కి పేరూ రాలేదు, డబ్బూ రాలేదు.

తెలుగువాళ్లకు ముద్ర అంటే తెలుసు. త్యాగరాజ కీర్తన ఎవరు పాడినా చివర త్యాగరాజు పేరు వస్తుంది. అది పాడేవారి పేరని పొరబడేవాళ్లు ఉండరు. వేమన పద్యం అప్పజెప్పిన పిల్లవాడు వేమన అయిపోడు. ర్యాప్‌లో ముద్ర పద్ధతి వేరు. మైకు పట్టినవాడే మాట కట్టినవాడు అని పాడేవాడికీ వినేవాడికీ మధ్య చెప్పకుండానే ఒక ఒప్పందం ఉంటుంది. ‘ర్యాపర్స్ డిలైట్’ లక్షలమంది కొన్నారు, వాళ్లకి ఆ అక్షరాల్లో తేడా ఏమీ కనిపించలేదు. బ్రాంక్స్‌లో విన్నవాళ్లకి మాత్రం మొదటిసారికే చెవిలో ముల్లు గుచ్చుకుంది.

ఆ రెండు రకాల వినేవాళ్ల మధ్య దూరమే పాతతరం హిప్ హాప్‌లో అసలుదనం అనే మాటకి తాళంచెవి. ‘నువ్వు పాడింది నీకు నిజంగా జరిగిందా’ అనే ప్రశ్న తర్వాతి రోజుల్లో బలపడింది. మొదట్లో అడిగింది ‘ఈ మాట నీదేనా’ అని. కథ కల్పితమైనా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మాట అరువైతేనే పరువు పోయేది.

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోపు కొత్త బట్టలకి డబ్బు పోగేసుకోవడానికి ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు టికెట్టు. పాటలు వేసింది ఆమె అన్న క్లైవ్, అంటే డీజే కూల్ హెర్క్. 1967లో జమైకాలోని కింగ్‌స్టన్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. పాటలో గాయకుడు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే కొన్ని క్షణాల కోసమే డాన్సర్లు కాచుకుని ఉంటారని హెర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతి అతనిది. ఆ మోత మీద అతని స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తూ, రెండేసి ముక్కలు ప్రాసలో విసిరేవాడు. ర్యాప్‌కి తొలి రూపం అదే: ఎదురుగా ఉన్నవాళ్ల పేర్లు. పిలిచిన మనిషి గదిలోనే ఉన్నాడు, కాబట్టి సాక్ష్యం వేరే వెతకనక్కర్లేదు.

ఊహాకథలకి కొదవ లేదు. ఆఫ్రికన్ అమెరికన్ల మౌఖిక సంప్రదాయంలో ‘టోస్ట్’ అనే పొడవాటి ప్రాసకథలు తరాల నుంచి ఉన్నాయి. మంగలి దుకాణాల్లో, వీధి అరుగుల మీద, జైళ్లలో చెప్పుకునేవాళ్లు. స్టాగోలీ అనే మొండివాడు, సింహాన్ని మాటలతో బోల్తా కొట్టించిన కోతి, ఇలాంటి పాత్రలు. చెప్పేవాడు ‘నేను’ అంటూ ఎన్ని హత్యలు చేసినట్టు చెప్పినా వినేవాళ్లు పోలీసులకి కబురు పెట్టేవారు కాదు, నవ్వేవారు. 1973లోనే, లాస్ట్ పోయెట్స్ బృందంలోని జలాల్ నూరిద్దీన్ ఒక జూదగాడి కథను మొదటి నుంచి చివరి దాకా ‘నేను’ అంటూ చెప్పే ఆల్బమ్ తెచ్చాడు. తొలి ర్యాపర్లలో చాలామందికి అది కంఠతా వచ్చు. గొప్పలు చెప్పుకోవడం, కోతలు కోయడం ఈ కళకి పుట్టుకతో వచ్చిన లక్షణాలు.

మరి తప్పు అనేది ఎక్కడుండేది? 1981 డిసెంబరులో హార్లెం వరల్డ్ అనే క్లబ్బులో జరిగిన పోటీలో దీనికి జవాబు దొరుకుతుంది. బిజీ బీ అనే ర్యాపర్ జనాన్ని అరిపించడంలో దిట్ట. రాశులేంటో అడుగుతాడు, చేతులెత్తమంటాడు, పార్టీ ఊగిపోతుంది. అతని మీద కూల్ మో డీ అనే మరో ర్యాపర్ లేచి, అప్పటికప్పుడు గురి చూసి కొట్టినట్టు చరణాలు వదిలాడు. అవే పాత ముక్కలు పార్టీ తర్వాత పార్టీలో తిప్పుతున్నావు, ఇతరుల ప్రాసలు కొరుకుతున్నావు, ఆఖరికి నీ పేరు కూడా లవ్‌బగ్ స్టార్‌స్కీ దగ్గర కొట్టేసిందే అని. ‘నువ్వు పేదరికం చూడలేదు’ అనిగానీ ‘నీకు వీధి తెలియదు’ అనిగానీ ఒక్క ముక్క లేదు. మన పండితులు కావ్యచౌర్యం అన్న నేరానికి అక్కడ పెట్టిన పేరు ‘బైటింగ్’, కొరకడం. ఆ రాత్రి టేపు కాపీల మీద కాపీలు తీసుకుని, చేతులు మారుతూ ఊరంతా తిరిగింది.

ఆ తర్వాతి ఏడాది వచ్చిన ‘ద మెసేజ్’ వీధి వాస్తవానికి మారుపేరయింది. నిజానికి అది పుట్టిన తీరు చూస్తే అసలుదనం గురించిన తేలికపాటి సిద్ధాంతాలన్నీ కూలిపోతాయి. రికార్డు మీద పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ బృందానిది. ఆ పాట వాయిద్యంలో ఫ్లాష్ చెయ్యి లేదు. పాటలో చాలాభాగం రాసింది ఎడ్ ఫ్లెచర్, రంగం మీద డ్యూక్ బూటీ. అతను షుగర్ హిల్ స్టూడియోలో తాళవాద్యాలు వాయించేవాడు. ఊరు బ్రాంక్స్ కాదు, న్యూజెర్సీలోని ఎలిజబెత్. చదివింది ఇంగ్లిష్ సాహిత్యం, డిగ్రీ డికిన్సన్ కాలేజీది. బృందానికి ఈ పాట నచ్చలేదు. పార్టీకి వచ్చేవాడు తన కష్టాల గురించే మళ్లీ వినడానికి డబ్బు కట్టి ఎందుకొస్తాడు అన్నది వాళ్ల వాదన. అందులో అర్థం లేకపోలేదు. సిల్వియా రాబిన్సన్ పట్టు వదల్లేదు. చివరికి బృందంలో మెల్లీ మెల్ ఒక్కడే ఒప్పుకుని బూటీతో కలిసి పాడాడు. వీడియో తీసినప్పుడు బూటీ గొంతుకి రహీమ్ అనే మరో సభ్యుడు పెదవులు కదిపాడు.

ఇంత అతుకుల బొంత పాట నిజంగా ఎలా అనిపించింది? కారణం వస్తువులు. పగిలిన గాజుపెంకులు. ముందు గదిలో ఎలుకలు, వెనక గదిలో బొద్దింకలు. వాయిదాలు కట్టలేదని బండిని లాక్కెళ్లిన టోయింగ్ ట్రక్కు. ఇంట్లో లేనప్పుడు ఫోను చేసి భార్యని బెదిరించే బాకీ వసూలుదార్లు. రైలెక్కి పనికి పోదామంటే స్టేషన్లో సమ్మె. 1980లో న్యూయార్క్ రవాణా కార్మికులు సమ్మె చేశారు, రాస్తున్న చెయ్యికి అది దగ్గర జ్ఞాపకం. బడికి పోనని మొరాయించే కొడుకు. ఇందులో గొప్ప ప్రకటన ఒక్కటీ లేదు. ఒక ఇంటి మొదటి తారీఖు నుంచి ముప్పై దాకా పడే అవస్థ. గాజుపెంకులు, ఆ అడవిలాంటి వీధి తన ఎలిజబెత్ పరిసరాలవేనని బూటీ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అంటే బ్రాంక్స్ అని అందరూ విన్నది న్యూజెర్సీ. విన్నవాళ్లు మోసపోయారనలేం. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే కోసం బతికున్న పేటల మధ్య నుంచి రోడ్డు చీల్చేసిన చోట, 1970ల్లో భవనాలు వీధులకు వీధులు తగలబడిన చోట ఉన్నవాళ్లు ఆ పాట విని ‘ఇది మాది’ అన్నారు. సరిచూసే హక్కు ఉన్నవాళ్లు సరిచూసి ఒప్పుకున్నారు.

చివరి చరణం సంగతి ఇంకా ఆసక్తికరం. అది మెల్లీ మెల్‌ది, ‘ద మెసేజ్’ కోసం రాసింది కాదు. 1979లో ఎంజాయ్ రికార్డ్స్‌కి చేసిన ‘సూపర్‌ర్యాపిన్’లో అప్పటికే ఉంది. ఆ పాటలో అది పార్టీ హుషారు నడుమ ఇరుక్కుపోయి ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇక్కడికి తెచ్చి, బీట్ నెమ్మదించాక అదే చరణం గుండె మీద రాయిలా పడింది. ఒక పిల్లవాడి పుట్టుక, వీధిలో డబ్బున్న రౌడీలను చూసి నోరెళ్లబెట్టడం, బడి మానడం, దొంగతనం, జైలు, ఆ గదిలోనే ఉరి. మొత్తం ‘నువ్వు’ అని చెబుతాడు. ‘నేను’ అంటే ఆత్మకథ అవుతుంది, ‘వాడు’ అంటే వార్త అవుతుంది. ‘నువ్వు’ అన్నాక వినేవాడికి తప్పుకునే దారి లేదు. చచ్చిపోయినవాడితో మాట్లాడుతున్నాడు గనక అది కథగా చూస్తే అసాధ్యం కూడా. అయినా ఎవరికీ అనుమానం రాదు.

2002లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన రికార్డుల మొదటి జాబితా వేసినప్పుడు అందులో చోటు దక్కిన హిప్ హాప్ పాట ఇదే. బూటీ ఆ తర్వాత సంగీతం వదిలి పాఠాలు చెప్పుకున్నాడు. చాలాకాలం జార్జియాలోని సవానా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసి 2021లో చనిపోయాడు.

రికార్డు ఊరు దాటాక సరిచూసేవాళ్లు కరువయ్యారు. ఒహాయోలో క్యాసెట్ కొన్న కుర్రవాడికి హార్లెం వరల్డ్‌లో ఎవరు ఎవరి ప్రాస కొరికారో తెలిసే దారి లేదు. అక్కడి నుంచే ‘అసలైన’ అనే మాట డబ్బా మీద అంటించే చీటీ అయింది. 1984లో యూటీఎఫ్‌ఓ అనే బృందం తమను ఖాతరు చేయని రాక్సాన్ అనే ఊహాసుందరి మీద పాట కట్టింది. క్వీన్స్‌బ్రిడ్జ్ ప్రభుత్వ గృహాల్లో ఉండే 14 ఏళ్ల అమ్మాయి ఆ రాక్సాన్ నేనే అంటూ మగవాళ్లందరినీ ఏకిపారేసింది. బట్టలు ఉతకడానికి వెళ్తూ దారిలో సంగీత నిర్మాత మార్లీ మార్ల్ ఇంట్లో ఆగి ఒకే ఊపులో పాడేసిందని చెప్పుకుంటారు. ఆమె రాక్సాన్ షాంటేగా నిలిచిపోయింది. యూటీఎఫ్‌ఓ వాళ్లు ఊరుకుంటారా? తమ వైపు నుంచి మరో అమ్మాయిని దింపి ఆమెకి పెట్టిన పేరు ‘ద రియల్ రాక్సాన్’. లేని మనిషికి అసలు రూపం! ఆ పైన రాక్సాన్ తల్లిదండ్రుల పేరిటా, అన్నదమ్ముల పేరిటా జవాబు రికార్డులు పదుల కొద్దీ వచ్చిపడ్డాయి. అందులో ఈరోజుకీ నిలిచింది షాంటేది. ఆ పేరు ఆమెది కాదు, పాత్ర ఆమె సృష్టి కాదు. కానీ ఆ నోటి దురుసు, ఆ వయసు గొంతు, ఎదుటివాడి ఒక్కొక్క లైనూ పట్టుకుని తిరగ్గొట్టే చురుకు ముమ్మాటికీ ఆమెవే.

అసలుదనం అంటే పేదరికమే అనుకునేవాళ్లకు రన్-డీఎంసీ బృందం కొరుకుడుపడదు. వాళ్లది క్వీన్స్‌లోని హాలిస్, సొంత ఇళ్లున్న నల్లజాతి మధ్యతరగతి పేట. 1983 నాటి ‘సక్కర్ ఎంసీస్’ పాటలో బృందంలోని డీఎంసీ దాన్ని దాచలేదు సరికదా, తాను సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో చదువుతున్నానని లైను కట్టి మరీ చెప్పాడు. తోలు దుస్తులు, ఇనుప గుబ్బలతో రాక్ తారల్లా వచ్చే ముందుతరం పక్కన వీళ్లు తమ పేటలో కుర్రాళ్లు వేసుకునే నల్ల టోపీ, జీన్సు, లేసుల్లేని అడిడాస్ బూట్లతోనే స్టేజి ఎక్కారు. కాలేజీ చదువు, రోజూ తొడుక్కునే బూట్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వాళ్ల ధీమా.

కథ చెప్పడంలో మాత్రం స్లిక్ రిక్‌ని మించినవాడు ఆ తరంలో లేడు. అసలు పేరు రిచర్డ్ వాల్టర్స్. జమైకా దంపతులకి లండన్‌లో పుట్టాడు. పసితనంలో గాజుముక్క తగిలి కుడి కన్ను పోయింది, అందుకే కంటికి ఆ పట్టీ. 1970ల్లో కుటుంబం బ్రాంక్స్‌కి వచ్చింది. అతని యాసలో లండన్ ఇంకా పోలేదు, పోగొట్టుకోవాలని అతనూ ప్రయత్నించలేదు. ఆ యాసే అతని ఆస్తి. బ్రాంక్స్ వీధి గొడవని ఎవరో పాతకాలపు పెద్దమనిషి తీరుబడిగా చెబుతున్నట్టు ఉంటుంది.

1988 నాటి మొదటి ఆల్బమ్‌లోని ‘చిల్డ్రన్స్ స్టోరీ’ మొదలవడమే నిద్రపోయే వేళ పిల్లలు మామయ్యని కథ అడగడంతో. ‘అనగనగా’ అని మొదలు. అంటే ఇది కట్టుకథ అని ముందే తలుపు మీద రాసిపెట్టాడు. ఒక కుర్రవాడు, చెడగొట్టే స్నేహితుడు, మొదటి దొంగతనం తేలిగ్గా జరిగిపోవడం, రుచి మరగడం, మారువేషంలో ఉన్న పోలీసు చేతికి చిక్కబోవడం. ఆ పైన ఇక ఆగదు. పరుగు, తుపాకీ, కారు, కారు గుద్దేయడం, గర్భిణిని అడ్డం పెట్టుకోవడం, మనసు రాక వదిలేయడం, చావు. నాలుగు నిమిషాల్లో ఒక సినిమా అంత కథ. మధ్యలో పల్లవి లేదు. పల్లవి పెడితే తరుముతున్న పోలీసు కాసేపు ఆగి పాట వినాల్సి వస్తుంది!

హరికథలో దాసుగారు ఒక్కరే హనుమంతుడూ రావణుడూ సీతమ్మా అయినట్టు, రిక్ ఒక్కడే అన్ని గొంతులూ. దొంగ, స్నేహితుడు, పోలీసు, పిల్లలు. గొంతు కాస్త పైకి తీస్తే ఒకరు, ముక్కుతో పలికితే ఇంకొకరు. గమనించాల్సింది ఇంకోటి: ఎంత వేగంగా నడిచే ఘట్టంలోనూ కథ చెప్పేవాడిగా అతని నిదానం మారదు. కథలో కుర్రాడు పరుగెడతాడు, చెప్పేవాడు పరుగెత్తడు. ఆ నిదానం వల్లే చివర్లో పదిహేడేళ్లన్న మాట వచ్చినప్పుడు వినేవాడు ఉలిక్కిపడతాడు. అప్పటిదాకా వయసు చెప్పకుండా దాచాడు మరి.

1990లో రిక్ తన బంధువు మీద కాల్పులు జరిపి, పోలీసులు తరిమితే కారు గుద్దేసి పట్టుబడి, జైలుకి వెళ్లాడు. దాదాపు ఐదేళ్లు లోపలున్నాడు. 2008లో న్యూయార్క్ గవర్నర్ డేవిడ్ పాటర్సన్ క్షమాభిక్ష ఇచ్చాడు. ఈ సంగతి తెలిసినవాళ్లు పాటని వెనక్కి తిప్పి వింటారు, ఇది అతని కథేనన్నట్టు. పాట ముందు వచ్చింది, కాల్పులు తర్వాత. జీవితం కట్టుకథ దారిన నడిచిందే తప్ప పాట జీవితాన్ని చూసి రాసింది కాదు. పాట బలం పాట కట్టడంలోనే ఉంది, దానికి జైలు రికార్డు దన్ను అక్కర్లేదు.

కానీ 1980ల చివరికి మార్కెట్ అడిగింది సరిగ్గా ఆ దన్నునే. 1987లో ఈజీ-ఈ పాడిన ‘బాయ్జ్-ఎన్-ద-హుడ్’ లాస్ ఏంజెలెస్ వీధి జీవితానికి ప్రత్యక్ష సాక్ష్యం లాంటిదని పేరు. రాసింది టీనేజీ కుర్రాడు ఐస్ క్యూబ్. న్యూయార్క్ బృందం ఒకదానికోసం రాస్తే, ఇది మా ఊరి బాణీ కాదని వాళ్లు పాడలేదు. స్టూడియో ఖాళీగా పోతోందని అప్పటిదాకా ర్యాప్ చేయని ఈజీని సంగీత నిర్మాత డాక్టర్ డ్రే మైకు ముందు నిలబెట్టి, లైను తర్వాత లైను పాడించాడు. వీధి వ్యాపారం తెలిసినవాడు ఈజీ, మాట తెలిసినవాడు క్యూబ్. క్యూబ్ ఆ తర్వాత అరిజోనా వెళ్లి భవనాల డ్రాయింగు కోర్సు చదివొచ్చాడు. హార్లెం వరల్డ్ లెక్క ప్రకారం ఇది హ్యాంక్ చేసిన తప్పే. కొత్త లెక్క ప్రకారం తప్పే కాదు, ఎందుకంటే ఇప్పుడు చూస్తున్నది మాట ఎవరిదని కాదు, మనిషి ఎక్కడివాడని. తేడా ఒక్కటే, ఇక్కడ క్యూబ్ పేరు రచయితగా పడింది.

1990లో వనిల్లా ఐస్ అనే ర్యాపర్ తన రికార్డు కంపెనీ ప్రచారపత్రంలో మయామీ వీధుల్లో పెరిగినట్టు రాయించుకుంటే, చదువుకున్నది డల్లాస్ దగ్గర శివారు బడిలో అని పత్రికలు తవ్వి తీశాయి. అంతే, నవ్వులపాలయ్యాడు. పాటలో చెప్పిన కథకి కాదు, పాట బయట చెప్పిన కథకి.

ఆ కొత్త లెక్కకి అసలు మూల్యం కోర్టుల్లో కట్టాల్సి వచ్చింది. ‘నేను’ అని పాడినదంతా నిజమే అని అమ్ముకున్న పరిశ్రమ మాటను ప్రాసిక్యూటర్లు యథాతథంగా పట్టుకుని, ర్యాప్ చరణాలను నేరానికి సాక్ష్యంగా చదివి వినిపించడం మొదలెట్టారు. స్టాగోలీ కథ చెప్పిన మంగలిని బోనెక్కించినట్టు. సృజనాత్మక రచనను అలా వాడడం మీద హద్దులు పెడుతూ కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది.

కాజ్ ఇప్పటికీ బ్రాంక్స్ మనిషే. హిప్ హాప్ పుట్టిన చోట్లు చూపించే టూరు బస్సుల్లో చాలా ఏళ్లు గైడుగా పనిచేశాడు. దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు ఎక్కేవారు, హార్లెం నుంచి బ్రాంక్స్ దాకా వీధి వీధీ తిప్పేవాడు. ఆ బస్సులో మైకు అతని చేతిలోనే ఉండేది. తన పేరులోని అక్షరాలు ఆ రికార్డులోకి ఎలా చేరాయో అతనే చెప్పేవాడు.